బండిపాటలో నాలుగు గడులు

గనిలోకి దిగేముందు యేసన్న పది వేళ్ళ చివర్లకూ గుడ్డపేలికలు చుట్టుకునేవాడు. పాత పంచె అంచును సన్నగా చించి, ఒక్కో వేలికి మూడు చుట్లు తిప్పి, కొసను పళ్ళతో లాగి ముడేసేవాడు. తాడిపత్రి నాపరాళ్ళ గనుల్లో ఇరవై ఏళ్ళుగా ఉలి పడుతున్నా ఆ అలవాటు మానలేదు. కొత్తగా చేరినవాళ్ళు "గోరింటాకు పెట్టుకున్నావేమన్నా?" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు. క్లారినెట్టు రంధ్రాల మీద వేలు అతుక్కున్నట్టు ఆనాలి. వేలి చివర చిన్న గంటు పడినా ఆ సందులోంచి గాలి పోతుంది, పెళ్ళి ఊరేగింపు నడిబజారులో ఉండగా పాట కీచుమంటుంది. వారంలో అయిదు రోజులు అన్నం పెట్టేది రాయే అయినా ఊళ్ళో అతన్ని ఎవరూ రాళ్ళ యేసన్న అనలేదు, బ్యాండు యేసన్న అనే అన్నారు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

పందొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం అది. వానలు వరుసగా రెండో ఏడు కూడా మొహం చాటేశాయి. పెళ్ళిళ్ళు తగ్గిపోయి బ్యాండు వాళ్ళ ఎర్రకోట్లు పెట్టెలోనే మగ్గుతున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం గని అంచున సైకిలు ఆపి, చర్చి అయ్యగారు గొడుగు ముడుచుకుంటూ కిందికి కేకేశారు.

"యేసన్నా! పైకి రాప్పా, అనంతపురం నుంచి మనిషొచ్చినాడు నీకోసరం."

యేసన్న పైకెక్కాడు. ఎండలో నిలబడే అయ్యగారు సంగతంతా చెప్పారు. గంజి కేంద్రాలకు నిధి పోగుచేయడానికి మద్రాసు నుంచి సినిమా ఆర్కెస్ట్రా ఒకటి అనంతపురం వచ్చింది. ఆదివారం సాయంత్రం కచేరీ. వాళ్ళ క్లారినెట్టు ఆయనకు దారిలో ఏం తిన్నాడో ఏమో, రైల్లోనే వాంతులు పట్టుకుని ఆసుపత్రిలో పడ్డాడు. ఆయన చోట్లో కూర్చోవడానికి గీతలు చదవగలిగే మనిషి కావాలి.

"జిల్లా అంతా గాలించినారంట. సంగీతం పంతుళ్ళున్నారు గానీ గీతలు చదివేటోళ్ళు లేరంట. నీ పేరు నేనే చెప్పి పంపించినా" అన్నారు అయ్యగారు.

గీతలంటే అయిదు గీతల మీద చుక్కలు పెట్టి రాసే ఇంగ్లీషు సంగీతం. చిన్నప్పుడు మిషను బంగళాలో దొరసాని కీర్తనల పుస్తకం ముందు పెట్టి, తప్పినప్పుడల్లా చెవి మెలేసి నేర్పింది. ఆ చెవి మెలికలు ఇన్నాళ్ళకు అక్కరకొస్తాయని యేసన్న కలలో కూడా అనుకోలేదు. కిందినుంచి సమ్మెట భుజాన వేసుకుని తిప్పయ్య ఎక్కొచ్చాడు. గనిలో తోటి కూలీ, బ్యాండులో పెద్ద డ్రమ్ము అతనిదే.

"పోన్నా! ఇంగేం ఆలోచన?" అన్నాడు తిప్పయ్య. కబురు వచ్చింది యేసన్నకైనా మొహం వెలిగింది మాత్రం అతనిది. "మద్రాసోళ్ళంటే మాటలా? వయిలిన్లే పన్నెండుంటాయంట. పన్నెండు మందీ ఒకేపారి విల్లు పైకెత్తి, ఒకేపారి దించుతారంట."

"యాడ చూసినావు? బళ్ళారిలోనా?" అన్నాడు చిన్న డ్రమ్ము బసప్ప వెనకనుంచి.

గని గనంతా గొల్లుమంది. యేసన్న కూడా నవ్వాడు.

తాడిపత్రిలో ఎవరైనా నమ్మశక్యం కాని మాట చెబితే "బళ్ళారిలో చూసినావా?" అనడం పదేళ్ళుగా వాడుక. ఆ మాట పుట్టింది తిప్పయ్యతోనే. అతని మేక మూడు పిల్లల్ని ఈనిందంటే ఇరుగుపొరుగు వచ్చి లెక్కపెట్టుకున్నాకే నమ్మారు. అది నవ్వులాట. కానీ కిందటేడు గనిలో ఒక బండ కట్టు వదులైందని అతను పొద్దున్నే చెబితే, "నువ్వు బళ్ళారోడివి, పోప్పా" అని మేస్త్రీ కొట్టిపారేశాడు. సాయంత్రం ఆ బండే జారి ఒక మనిషి కాలు విరిగింది. అప్పుడు కూడా మేస్త్రీ తప్పెవరూ ఎంచలేదు, తిప్పయ్య మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తిప్పయ్య మాత్రం ఎప్పట్లాగే అందరితోపాటూ నవ్వి, సమ్మెట దించుకుని, "పదన్నా, నీ పెట్టె నేను మోస్తా బస్సు కాడికి" అన్నాడు.

*

శనివారం పొద్దున అనంతపురంలో ఒక బడి హాలులో రిహార్సలు మొదలైంది. బెంచీలన్నీ గోడలకు నెట్టేసి కుర్చీలు అర్ధచంద్రంగా వేశారు. వయొలిన్ల వాళ్ళు నిజంగానే పన్నెండు మంది. యేసన్న వేలు పెట్టి మరీ లెక్కపెట్టుకున్నాడు. వాళ్ళ వెనక, వయసు మళ్ళిన ఫ్లూటు ఆయన పక్కన అతనికి కుర్చీ చూపించారు. ఫ్లూటు ఆయన పేరు రాజమాణిక్యం. యేసన్న తన క్లారినెట్టును పెట్టెలోంచి తీయడానికి సిగ్గుపడ్డాడు. దానికి ఒక మీట స్ప్రింగు ఎప్పుడో విరిగితే రబ్బరు ముక్క కట్టుకున్నాడు, అతుకు వదులైనచోట తేనెమైనం రాసిన దారం చుట్టుకున్నాడు. రాజమాణిక్యం దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వే కట్టుకున్నావా? బాగా కట్టావు" అని తిరిగిచ్చాడు. ఆ ఒక్క మాటతో యేసన్నకు కుర్చీలో కాస్త వెనక్కి ఆనుకునే ధైర్యం వచ్చింది.

మాస్టరు పొట్టి మనిషి, తెల్ల చొక్కా. మద్రాసు తెలుగు. చేతిలో కంది పుల్లంత కర్ర. ఆయన కర్ర ఎత్తితే ముప్పై నలుగురూ ఊపిరి బిగపట్టారు. మొదటి రెండు పాటలూ యేసన్న కాగితం మీంచి కన్నెత్తలేదు. చుక్క వెంట చుక్క చదువుకుంటూ, దొరసాని వెనక నిలబడిందేమోనని ఒకసారి చెవి తడుముకున్నాడు కూడా. చమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది గానీ తప్పు మాత్రం పడలేదు.

మూడో పాట మొదటి నాలుగు స్వరాలు వినపడగానే అతని మొహం విప్పారింది. బండిపాట! పదేళ్ళ కింద తాడిపత్రి టూరింగ్ టాకీసు గుడారంలో, ఇసకలో కూర్చుని, నాలుగు రోజులు వరసగా చూసి నేర్చుకున్న పాట. బ్యాండు నేర్చుకునే పద్ధతే అది. గాత్రం యేసన్న వంతు, మధ్యలో వచ్చే వాద్యాలు బాకా ఊదే పాపన్న వంతు, తాళం తిప్పయ్య వంతు. ముగ్గురూ మూడు ముక్కలు మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి అతికించేవాళ్ళు. ఈ పాట వాయించకుండా తాడిపత్రి చుట్టుపక్కల ఒక్క పెళ్ళికొడుకూ గుర్రం దిగలేదు. యేసన్న కాగితం వంక చూడటం మానేశాడు, కళ్ళు మూసుకుని హాయిగా ఊదాడు.

పల్లవి అయింది. వయొలిన్లు అలలా లేచి పడ్డాయి. యేసన్న చరణంలోకి దూకాడు.

దూకింది అతనొక్కడే. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. కళ్ళు తెరిస్తే ముప్పై నలుగురూ వాద్యాలు దించుకుని అతని వంకే చూస్తున్నారు.

మాస్టరు కర్రతో స్టాండు మీద టకటకా కొట్టాడు. "ఏంప్పా క్లారినెట్టు? నాలుగు గడులు మింగేశావు? అక్కడ నువ్వే కదప్పా వాయించాల్సింది. నీకోసం అందరం ఆగి ఉన్నాం."

వయొలిన్ల వాళ్ళు నవ్వారు. యేసన్న కాగితం మీదికి వంగాడు. నిలువు గీతకూ నిలువు గీతకూ మధ్య ఒక గడి. అలాంటివి నాలుగు. పల్లవికీ చరణానికీ నడుమ, పైన ఒంటరిగా వాయించమని రాసి ఉన్న నాలుగు గడులు. అవి అతను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"మళ్ళీ" అన్నాడు మాస్టరు.

ఈసారి చుక్కలు చదువుతూ ఊదాడు. వయొలిన్లు ఆగాక ఒక్క క్లారినెట్టే, ఎవరూ తోడు లేకుండా, నెమ్మదిగా మెట్లు దిగినట్టు దిగింది. భయం కొద్దీ చివరి స్వరాన్ని తొందరగా తెంపేశాడు. మాస్టరు మళ్ళీ కొట్టాడు.

"ఆ చివరి దాని మీద గుర్తు కనపళ్ళేదా? నిలపాలి అక్కడ. పాటలో బండి ఆగుతుంది. అమ్మాయి దిగుతుంది. ఆమె కాలు నేల మీద ఆనేదాకా నిలపాలి. అప్పుడే చరణం."

చివరి చుక్క మీద చిన్న విల్లు, విల్లు కింద ఇంకో చుక్క. ఆ గుర్తును దొరసాని కన్ను అనేది. కన్ను ఉన్నచోట స్వరం కదలకూడదు. యేసన్న ఆ కన్ను వంక చూస్తూ ఉండిపోయాడు. అతని చెవుల్లో వినపడుతున్నది మాస్టరు మాటలు కావు.

టాకీసు గుడారంలో తెర మీద ఆ అమ్మాయి బండిలో కూర్చుని ఉండేది, మరుక్షణం టక్కున బావి దగ్గర నిలబడి ఉండేది. మధ్యలో ఏమీ లేదు. జిల్లా అంతా తిరిగింది ఆ ఒక్క ఫిల్మే. అది అక్కడ తెగితే ఎవరో అతికించి ఉంటారని ఎవరికీ తట్టలేదు. సినిమావాళ్ళ వయ్యారం అది అనుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలకు రైలు కట్ట పనికి బళ్ళారి వెళ్ళొచ్చిన తిప్పయ్య, ఇంకా సంచి కూడా దించకుండా యేసన్న వాకిట్లో నిలబడి చెప్పాడు. "అన్నా, మన పాటలో ముక్క పోయిండాది. ఆ ఊర్లో పెద్ద హాల్లో చూసినా. బండి నిలబడతాది, ఆ పిల్ల దిగతాది. అంతసేపూ పీపీ ఒకటే పలుకుతాది అన్నా, నీ పీపీ!"

అప్పుడు తానేమన్నాడో ఒక్క అక్షరం పొల్లుపోకుండా యేసన్నకు గుర్తొచ్చింది. "పీపీ ఊదే నాకు తెలీని పీపీ నీకు ఇనపడిందా? ఏదీ, పాడు చూద్దాం." పాపం తిప్పయ్య పాడాడు. రాళ్ళ దుమ్ముకు బండబారిన గొంతు అది. వాకిట్లో జనం కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులోంచే "బళ్ళారిలో చూసినావా?" పుట్టింది. పుట్టించినవాడు ఇంకెవరో కాదు, యేసన్నే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర యేసన్న కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు. రాజమాణిక్యం అది చూసి, మాస్టరు మందలించినందుకనుకుని ఓదార్చాడు.

"ఆ నాలుగు గడులూ రికార్డింగులో వాయించింది ఆసుపత్రిలో ఉన్నాడే, మా అంతోని. పక్కనే కూర్చున్నా నేను. పొద్దున మొదలుపెట్టి తొమ్మిదిసార్లు వాయించాడు, ఆ చివరి స్వరం కోసమే. మేం వాయించిన సినిమాలు మేం చూడం. మా పేర్లు తెర మీద పడవు. అంతోని మాత్రం ఆ పాట వినపడితే చాలు, హోటల్లో కాఫీ తాగుతున్నా కప్పు కింద పెట్టి ఆ ముక్క వచ్చేదాకా ఆగుతాడు."

"మా ఊర్లో ఎవురూ ఇన్లేదు సార్ ఆ ముక్క" అన్నాడు యేసన్న. "ఇన్నోడొకడుంటే వాని నోరు నేనే మూయించినా."

రాజమాణిక్యానికి అర్థం కాలేదు. మజ్జిగ ఇంకొంచెం పోయించమని మాత్రం అన్నాడు.

*

ఆదివారం సాయంత్రం కాలేజీ మైదానం నిండిపోయింది. ముందు కుర్చీలు, వెనక చాపలు. ప్రహరీ గోడ అవతల టిక్కెట్టు కొనలేని జనం కరువు పనుల్లోంచి నేరుగా వచ్చి తలగుడ్డలు కూడా విప్పకుండా నిలబడ్డారు. గోడ మీద పిల్లలు కాకుల్లా బారుతీరి కూర్చున్నారు. ఇంకా పొద్దు గుంకలేదు. తెల్లబట్టల మద్రాసువాళ్ళ మధ్య యేసన్న ఇస్త్రీ చేయించుకున్న ఎర్ర బ్యాండుకోటులో ఉన్నాడు. మాస్టరు చూసి "ఉండనీ, బాగుంది" అన్నాడు.

బండిపాట రాగానే గోడ అవతలినుంచి ఈల వినపడింది. పల్లవి సాగుతుంటే వెనక చాపల మీద తలలు ఊగాయి. వయొలిన్లు లేచి పడ్డాయి. మాస్టరు కర్ర గాల్లో నిలబడింది. సరిగ్గా ఆ క్షణాన మైదానం మైదానమంతా ఒక్క చప్పట కొట్టింది. ఒక్కటే, ధన్ మని.

వయొలిన్ల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. మాస్టరు భుజం మీదుగా వెనక్కి చూశాడు. యేసన్నకు మాత్రం తెలుసు. బళ్ళారి గొడవైన మరుసటి పెళ్ళిలో తిప్పయ్య నోరు మెదపలేదు గానీ, ముక్క పోయిన చోటు వచ్చేసరికి పెద్ద డ్రమ్ము మీద బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. కోపంతో వేసిన దెబ్బ. అది జనానికి నచ్చింది. పెళ్ళి పెళ్ళికీ జనం దానితోపాటు చప్పట కొట్టడం మొదలుపెట్టారు. తాడిపత్రి నుంచి రాప్తాడు దాకా దాన్ని యేసన్న దెబ్బ అన్నారు. ఆ పేరును యేసన్న ఏనాడూ కాదనలేదు.

చప్పట తర్వాత జనం ఊరుకోలేదు, తమకు తెలిసినట్టే చరణం ఎత్తుకున్నారు. గోడ అవతల వందమంది గొంతులు లేచాయి. వాటి కిందినుంచి క్లారినెట్టు మొదలైంది. మొదటి గడిలో ఎవరికీ వినపడలేదు. రెండో గడిలో ముందు కుర్చీలవాళ్ళు ఆగారు. మూడో గడికి చాపలు ఆగాయి. ఒక్కో గొంతూ తడబడి తగ్గిపోయింది. నాలుగో గడికి గోడ అవతల కూడా చడీ చప్పుడూ లేదు. పదేళ్ళుగా తమ పెళ్ళిళ్ళలో మోగిన పాటలో తమకు తెలియని చోటొకటుందని అంతమందీ నోళ్ళు తెరుచుకుని విన్నారు. యేసన్న చివరి స్వరాన్ని నిలిపాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కచేరీ అయ్యాక మాస్టరు వచ్చి భుజం తట్టాడు. "బాగా నిలిపావు. అది సరేగానీ, ఆ చప్పటేంటప్పా? ఏ ఊళ్ళోనూ చూళ్ళేదు."

"అది తిప్పయ్య దెబ్బ సార్" అన్నాడు యేసన్న. "మా బ్యాండులో పెద్ద డ్రమ్ము."

ఆ మాట అలా పేరు పెట్టి అనడం అతనికి అదే మొదటిసారి. అయితే అన్నది మద్రాసు మనిషితో, తాడిపత్రిలో కాదు. కాగితాలన్నీ ఎంచి కట్ట కట్టుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ నాలుగు గడులూ కట్టలోనే పోయాయి.

సోమవారం పొద్దున తాడిపత్రి బస్సులో ముందు సీటు ఆసామి కచేరీ కబుర్లు చెబుతున్నాడు. "అంతా బాగుండాది గానీ, ఆ బండిపాటను చెడగొట్టినారప్పా మద్రాసోళ్ళు. నడిమధ్యలో ఏందో ఏడుపు పెట్టినారు. మన యేసన్న బ్యాండే మేలు, టక్కున కొట్టి టక్కున ఎత్తుకుంటారు." పక్కనున్నవాళ్ళు అవునవునన్నారు. వెనక సీట్లో ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చున్న యేసన్నను ఎవరూ గుర్తుపట్టలేదు.

అతనికి ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. అసలు పాటే తప్పని జిల్లా అంతా అంటుంటే తను కాదని చెప్పి ఏం బావుకోవాలి? బ్యాండు యేసన్న పేరు బ్యాండు యేసన్నకే ఉంటుంది. ఆ తేలిక పట్టుమని పది మైళ్ళు కూడా నిలవలేదు. రోడ్డు పక్క కరువు పనిలో ఒకడు సమ్మెట ఎత్తి దించుతున్నాడు. తాడిపత్రి చేరేదాకా యేసన్న కిటికీలోంచి మళ్ళీ బయటికి చూడలేదు.

*

బుధవారం ఒక పెళ్ళి ఒప్పుకుని ఉన్నారు. మంగళవారం సాయంత్రం యేసన్న వాకిట్లో కొట్టం కింద బ్యాండు కూడింది. పాపన్న బాకా లోపల గుడ్డ దోపి తుడుస్తున్నాడు. బసప్ప చిన్న డ్రమ్ము బిగించుకుంటున్నాడు. తిప్పయ్య నేల మీద చతికిలబడి, పెద్ద డ్రమ్ము తాళ్ళను కాలి బొటనవేలితో తొక్కిపట్టి ఒక్కొక్కటే లాగుతున్నాడు. యేసన్న భార్య అక్కమ్మ గడప మీద కూర్చుని చేటలో జొన్నలు ఏరుతోంది. అనంతపురం సంగతులు చెప్పమని అందరూ యేసన్నను పట్టుకున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"బండిపాటలో మనం ఒక ముక్క ఇడిసిపెట్నాం. నాలుగు గడులు. పల్లవి అయినంక పీపీ ఒకటే పలుకుతాది. పదేండ్ల కిందట తిప్పయ్య చెప్పినాడే, అదే. వాడు చెప్పింది నిజం."

పాపన్న నోరు ఆపుకోలేక, "యాడ ఇన్నావన్నా? బళ్ళారిలోనా?" అన్నాడు.

అంతే. బసప్ప డ్రమ్ము మీద పడి నవ్వాడు. అక్కమ్మ చేట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగి ఏమైందని అడిగి, విని, వాళ్ళూ నవ్వారు. యేసన్నకు చెవులు వేడెక్కాయి. ఈ నవ్వు ఎలా ఉంటుందో అతనికి ఇప్పటిదాకా తెలియదు. దీన్ని తిప్పయ్య పదేళ్ళు భరించాడు.

"నవ్వద్దండ్రా! ఊది చూపిస్తా" అని క్లారినెట్టు అందుకున్నాడు.

కోపంలో, ఉక్రోషంలో ఊదాడు. నాలుగు గడులూ గబగబా పరుగెత్తించి కొసన టక్కున ఆపేశాడు.

"బాగుండాదిలే అన్నా" అన్నాడు బసప్ప కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు కట్టినావు కదా, బస్సులో కూర్చోని?"

"నేను కట్టలేదప్పా! కాగితంలో ఉన్నింది."

"యాడ ఆ కాగితం?"

"వాళ్ళే తీసకపోయినారు."

మళ్ళీ నవ్వులు. యేసన్న తిప్పయ్య వైపు తిరిగాడు. ఇంతసేపూ తిప్పయ్య నవ్వనూ లేదు, తలెత్తనూ లేదు. తాడు లాగి ముడేసి, చేతులు దులుపుకుని అప్పుడు అన్నాడు.

"అది తప్పన్నా."

యేసన్నకు ఉన్న ఒక్క సాక్షీ పోయాడు. పాపన్న "ఇంగేం, తీర్పయిపోయింది" అని చప్పట్లు కొట్టాడు. తిప్పయ్య చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ముక్క తప్పు కాదు, ముక్క అదే. కొసన తప్పు. అంత బిరీన తెగదు అది. బండి నిలబడతాది. పిల్ల దిగతాది. దిగి, కాలు నేలకానిచ్చేదాకా ఆ చివరిది నిలబడే ఉంటాది. అప్పుడెత్తుకుంటారు చరణం. నేను మూడుపార్లు చూసినా."

యేసన్న క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కొసన కన్నుండాది" అన్నాడు నెమ్మదిగా. "కాగితంలో ఆ చివరి చుక్క మీద కన్నుండాది. నిలపమని గుర్తు. నేను రిహార్సల్లో గూడా తెంపేస్తే మాస్టరు తిట్నాడు. ఆ పిల్ల కాలు నేలకానేదాకా నిలపాల అని, ఇదే మాట అన్నాడు. ఇప్పుడు కోపంలో మళ్ళా తెంపేసినా. ఈ సంగతి నేను ఎవురికీ చెప్పలేదు. అక్కమ్మకు గూడా చెప్పలేదు. ఏమే, చెప్పినానా?"

అక్కమ్మ నోటికడ్డం పెట్టుకున్న కొంగు దించి, లేదన్నట్టు తలాడించింది. ఎవరూ నవ్వలేదు. పాపన్న బాకాలోంచి గుడ్డ బయటికి లాగి దాన్ని అనవసరంగా మడతపెట్టాడు.

"పదేండ్ల కిందట మూడుపార్లు ఇని, గొంతు గూడా పలకని మనిషి, ఆ కన్ను చెవిలో పెట్టుకోనుండాడు" అన్నాడు యేసన్న. "గీతలు చదివిన నేను వాన్ని నిలబెట్టి నవ్వించినా. తిప్పయ్యా, తప్పు నాది. నిన్ను అబద్ధాలోన్ని చేసింది నేను. ఆ దెబ్బ నీది. నా పేరు పెట్టుకోని తిరిగినా. రేపు పెండ్లిలో ముందు ఆ సంగతి చెప్పినంకే బండిపాట ఎత్తుకుందాం."

తిప్పయ్య పొగడ్త అలవాటు లేని మనిషి. డ్రమ్ము అంచు మీది దుమ్మును అరచేత్తో రెండుసార్లు తుడిచాడు. "చెప్పేదేమొద్దు లేన్నా. ఊదు. పొద్దు పోతాంది" అన్నాడు.

"దెబ్బ తీసేద్దామా మరి?" అడిగాడు బసప్ప. ఈసారి అడిగింది యేసన్నను కాదు, తిప్పయ్యను.

తిప్పయ్య ఆలోచించాడు. "తీసేస్తే జనం ఒప్పుకోరు. ముందు పీపీ కానీ. పిల్ల దిగినంక కొడతా."

లేచి నిలబడి డ్రమ్ము మెడకు తగిలించుకున్నాడు. యేసన్న రీడును నాలుకతో తడిపాడు. పల్లవి ఎత్తుకున్నారు. పాపన్న బాకా వయొలిన్ల వంతు కూడా తనే మోసింది. ఆ చోటు వచ్చింది. అలవాటు కొద్దీ తిప్పయ్య కర్ర పైకి లేచింది. లేచి, దిగకుండా గాల్లో ఆగింది. క్లారినెట్టు ఒంటరిగా ఒక గడి, రెండు గడులు, మూడు, నాలుగు దిగి చివరి స్వరం దగ్గర నిలబడింది.

యేసన్న కళ్ళు కర్ర మీదే ఉన్నాయి. కర్ర దిగగానే చరణంలోకి వెళ్ళాలి. కర్ర దిగలేదు.

ఊపిరి సగమైంది. కర్ర దిగలేదు. యేసన్న కనుబొమలు ఎగరేశాడు. తిప్పయ్య అతని మొహంలోకి ప్రశాంతంగా చూస్తూ నిలబడ్డాడు, కర్ర తల మీదే ఉంది. బసప్పకు సంగతి అర్థమై పళ్ళికిలించాడు. యేసన్న బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి, మొహం కోటు రంగుకు తిరిగింది. గడప మీదినుంచి అక్కమ్మ "ఏమప్పా తిప్పయ్యా, సంపేస్తావా మనిషిని!" అని అరిచింది. యేసన్న మాత్రం ఆపలేదు. ఇంకెంతసేపైనా సరే నిలపాలనుకున్నాడు. స్వరం సన్నబడింది, వణికింది, తెగలేదు.

అప్పుడు తిప్పయ్య మూతి చివర చిన్న నవ్వు కదిలింది. బలమంతా పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. కొట్టం మీది పిచ్చుకలు లేచిపోయాయి.

"ఇప్పుడు దిగిందన్నా పిల్ల" అన్నాడు.